కాళ్ళు నావి, చేతులు నీవి

తమ్ముడికి,

వాన నిన్న సాయంత్రం తెరిపిచ్చింది. గాలి మాత్రం తగ్గలేదు. షాపు రేకులు పొద్దున్నుంచి కొట్టుకుంటూనే ఉన్నాయి. కాలువ పొంగి పొలాల్లో మోటార్లు చాలావరకు మునిగాయి. అందుకని ఈ రోజు పనంతా ఆరబెట్టడమే. నీళ్ళు తాగిన మోటార్లు వరండాలో వరసగా పెట్టి, మూతలు విప్పి, లోపల బల్బులు వెలిగించి వదిలేశాను. లోపలి వైండింగ్ తీగ కాలిపోయినవి పక్కకు నెట్టాను. సాయంత్రానికల్లా చేస్తావా అని అడిగినవాళ్ళకి, మోటారుకి జలుబు చేసింది, తగ్గడానికి టైము పడుతుందని చెప్పి పంపుతున్నాను. మేము తింటున్నాం, తిరుగుతున్నాం, పనిలో ఉన్నాం. నువ్వూ అక్కడ కులాసాగానే ఉన్నావని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. నువ్వు గట్టిగా అడిగింది ఒకటుంది. ఓడల యార్డులో ఇంకో మూడేళ్ళకి సంతకం పెట్టాలా, వచ్చేసి నాతో పాటు షాపులో కూర్చోవాలా, నెలాఖరులోగా చెప్పాలి కాబట్టి ఒక్క మాట రాయమన్నావు. రాస్తాను. అయితే ఆ మాటకు ముందు నీకు తెలియాల్సిన సంగతులున్నాయి. అవయ్యాక రాస్తాను.

కిందటి ఉత్తరాలన్నీ వదిన చేతిరాతలో ఎందుకున్నాయని కూడా అడిగావు. ఇది నేనే రాస్తున్నాను. అక్షరాలు ఎలా ఏడ్చాయో చూస్తూనే ఉన్నావు. పలక మీద దిద్దుకునేవాళ్ళు ఇంతకంటే నయం. దానికీ జవాబు ఇందులోనే వస్తుంది.

ఇంటి కప్పు కారడం ఆగింది. పడమటి మూల మాత్రం గిన్నె పెడుతున్నాం. మీ వదిన పాల కేంద్రంలోనే ఉంది. నీళ్ళు కలిపి తెచ్చినవాడు ఎంత పెద్దమనిషైనా క్యాను తిప్పి పంపేస్తోంది. మొన్న వాళ్ళ సొంత మేనమామ పాలు కూడా పంపేసింది. ఆయన అలిగితే, "పరీక్ష గొట్టానికి చుట్టరికాలు తెలియవు మామయ్యా" అందట. ఆయన ఇప్పుడు మన వీధిలోంచి రావడం మానేసి చుట్టు తిరిగి పోతున్నాడు.

ఇక మన ఆట. ఎముకల కోట ఇంకా ఉందా, ఎలకలు తినేశాయా అని రాశావు. ఉంది. ఆ ఆట ఉన్న కంప్యూటరు మన షాపు అటక మీద, పాత టార్పాలిన్‌లో చుట్టి ఉంది. దించి తుడిచాను. లోపలి ఫ్యాను మొదట ఆంబోతులా అరిచింది. బేరింగులో రెండు చుక్కలు నూనె వేస్తే దారికొచ్చింది. తెర వెలగడానికి చాలాసేపు పట్టింది గానీ వెలిగింది. నువ్వు వెళ్ళేముందు మనం ఆపిన చోటే ఉంది ఆట, నిప్పు మడుగు మీద రాతి వంతెన దగ్గర. మనం ఏనాడూ దాటని వంతెన.

ఇన్నేళ్ళ తరవాత చూస్తే కోట చిన్నదిగా ఉంది. మనం అడవి అనుకున్నది నాలుగు స్తంభాలకి ఆకుపచ్చ రంగు. తల లేని సన్యాసులు దగ్గరికొస్తే గచ్చు పలకలు పేర్చినట్టు చదరాలు చదరాలుగా కనపడ్డారు. ఇనప తాత గుర్తున్నాడా, గొలుసులు ఈడ్చుకుంటూ వచ్చేవాడు? వాడి గొలుసు చప్పుడు మూడు సెకన్ల ముక్కే, అదే మళ్ళీ మళ్ళీ వేస్తారు. ఆ చప్పుడుకి నువ్వు కుర్చీ మీద కాళ్ళు పైకి ముడుచుకునేవాడివి. పచ్చ సీసా తాగితే ప్రాణం తిరిగి రావడం, నీలం పొడి చల్లితే ఎదుటివాడు కప్పైపోవడం, ఎక్కడో మీట లాగితే ఇంకెక్కడో రాయి దొర్లిన చప్పుడు వినపడడం, అన్నీ అలాగే ఉన్నాయి. ఆ రాయి ఎక్కడ దొర్లిందో వెతుక్కుంటూ మనం సెలవులన్నీ గడిపాం.

అది ఒక మనిషి రెండు చేతులతో ఆడే ఆట. మనం దాన్ని చెరో చేత్తో ఆడాం. కోటలో తిరిగేవాడి కంట్లోంచి చూస్తాం కాబట్టి తెర మీద వాడి చేతులు, చేతుల్లో విల్లు కనపడతాయి, కాళ్ళు కనపడవు. కనపడేవి నీకు కావాలని నువ్వు ఏడ్చావు. అమ్మ కేకలేస్తే నేను కాళ్ళు తీసుకున్నాను. నేను ఎడమ పక్క కూర్చుని ఎడం చేత్తో మీటలు నొక్కి నడిపేవాడిని. నువ్వు కుడి పక్క కూర్చుని మౌసుతో గురి పెట్టి కొట్టేవాడివి. నా కుడిచెయ్యి నీ కుర్చీ వెనక ఉండేది, ఇంకెక్కడా చోటు లేక. ఎటు పోతున్నావని నువ్వు అడగకూడదు. ఎందుకు కొట్టలేదని నేను అడగకూడదు. అడిగినవాడు లేచి మంచినీళ్ళు తేవాలి. షాపు మూసి వచ్చిన చిన్నాన్న గుమ్మంలో నిలబడి, "ఒక బొమ్మని ఆడించడానికి ఇద్దరెందుకురా? రేపు అన్నం కూడా ఒకడు కలిపి ఒకడు తింటారా?" అనేవాడు.

మొన్నామధ్య దాని ముందు కూర్చుని ఆట మొదటి గది నుంచి మొదలెడితే ఒక్కడినే ఆడలేకపోయాను. నడిపిస్తాను, బాగానే నడుస్తుంది. ఎదురుగా సన్యాసి వస్తే నడక ఆపి, ఎవరో కొడతారన్నట్టు చూస్తూ ఉండిపోతున్నాను. వాడు వచ్చి చంపేస్తున్నాడు. నాలుగైదుసార్లు అలా చచ్చాక మీ వదినని పిలిచి కుడి పక్క కూర్చోబెట్టాను.

"ఎవర్ని కొట్టాలి?" అంది.

"ఎదురొచ్చినవాళ్ళని."

"వాళ్ళేం చేశారు మనల్ని?"

"ఇంకా ఏం చెయ్యలేదు."

"వాళ్ళ కోటలోకి మనమే కదా చొరబడింది?"

ఆ ప్రశ్న మనకి ఎప్పుడూ రాలేదు. అయినా కొట్టడం మొదలుపెట్టాక ఆవిడ ఆగలేదు. మనిషికీ గోడకీ తేడా లేకుండా కొట్టింది. బాణాలు మొదటి గదిలోనే అయిపోయాయి. "నీ చేతికి ఎముక లేదు" అన్నాను. "కోట నిండా ఎముకలేగా, ఒకటి ఏరి పెట్టుకుంటాలెండి" అంది. కాసేపయ్యాక మౌసు వదిలేసి నా వైపు తిరిగింది.

"మీరు అస్తమానం వెనక్కి లాగుతారెందుకండీ? నేను గురి పెట్టేసరికి వాడు ఆమడ దూరంలో ఉంటున్నాడు."

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది."

"మద్దెల బాగానే ఉంది, వాయించేవాడే పారిపోతున్నాడు."

"చిన్నోడు ఎగబడి కొట్టేవాడు. నేను వెనక్కి లాగకపోతే ఇద్దరం చచ్చేవాళ్ళం. అదే అలవాటైంది."

"ఇప్పుడు పక్కనున్నది చిన్నోడు కాదుగా."

అడిగినవాళ్ళు మంచినీళ్ళు తేవాలని మన నియమం చెప్పాను. "దాహం మీకైతే మీరే తెచ్చుకోండి" అని పొయ్యి మీద పాలు చూడడానికి వెళ్ళిపోయింది.

ఇక చేతిరాత సంగతి. నా కుడిచేతికి చూపుడు వేలూ మధ్య వేలూ లేవు. ఉంగరం వేలు ఉంది గానీ వంగదు. వేసవి చివర్లో జరిగింది. పుండు మానిపోయింది. నొప్పి లేదు. చలిగాలికి కాస్త తిమ్మిరి, అంతే.

ఎలా జరిగిందో రాస్తాను. నువ్వు వెళ్ళాక పెద్ద మోటార్ల కాయిల్స్ నేనూ చిన్నాన్నా కలిసి చుట్టేవాళ్ళం. తీగ మందంగా ఉంటే ఒక్కడి వల్ల కాదని నీకు తెలుసు. నేను చేత్తో తీగని అచ్చు మీద వరస తప్పకుండా నడిపేవాడిని. చిన్నాన్న పక్కన కూర్చుని కాలితో పెడలు తొక్కేవాడు. మిషను రొదలో మాట వినపడదు. అందుకని నేను తల ఊపితే తొక్కడం, మళ్ళీ ఊపితే వదలడం అని పెట్టుకున్నాం. ఆ రోజు తీగ మెలిపడింది. మిషను ఆపించి మెలి విప్పుతున్నాను. వేళ్ళు తీగకీ అచ్చుకీ మధ్యలో ఉన్నాయి. పక్కన పంపు పరీక్షకి పెట్టి ఉంది, అది మోగుతోంది. గుమ్మంలోకి పాల బండి డ్రైవరు వచ్చి, నా మోటారు అయిందా అన్నట్టు చెయ్యి తిప్పాడు. అయిందన్నట్టు తల ఊపాను. చిన్నాన్న తొక్కాడు.

తల ఊపితే తొక్కమన్నది నేను. తల ఊపిందీ నేనే. చిన్నాన్న చేసిన పని, మేం పెట్టుకున్న పద్ధతి ప్రకారం, సరైన పని. నువ్వు ఈ ముక్క రెండుసార్లు చదువు. నీ కోపం నాకు తెలుసు, అది ముందు పుట్టి తరవాత ఆలోచిస్తుంది.

ఆసుపత్రి వరండాలో చిన్నాన్న ఒక్కటే మాట అన్నాడు. "చిన్నోడికి రాయొద్దురా. వాడింక నా మొహం చూడడు." సరే అన్నాను. నాకూ అదే అనువుగా తోచింది. రాస్తే నువ్వు మర్నాడే మూట సర్దుకుని బయల్దేరతావు. యార్డు సంగతి, నీ సంగతి ఆలోచించవు. అందుకని మీ వదిన చేత రాయించాను. నువ్వు ఇన్నాళ్ళూ అందుకున్నవి ఆవిడ అక్షరాలు, నా మాటలు, అందులో సగం వాన గురించి.

ఆసుపత్రిలో చేతికి వ్యాయామం చెప్పే అమ్మాయి ఎడం చేత్తో సన్నపని చెయ్యడం నేర్చుకోమంది. గింజలు ఏరమంది, బొత్తాలు పెట్టమంది. నాకు విసుగొచ్చి అటక మీది కంప్యూటరు దించాను. ఆట గుర్తొచ్చి దించింది కాదు.

చిన్నాన్న రోజూ షాపుకి వస్తూనే ఉన్నాడు. ఊడుస్తాడు, పాత తీగ విప్పుతాడు, వార్నిష్ డబ్బాలు కడుగుతాడు. పెడలు దగ్గరికి మాత్రం రాడు. ఆ మిషను వైపు కాలు చాపి కూర్చోడు కూడా. ఇంకో అలవాటు పట్టింది. ప్రతిదానికీ అడుగుతాడు. లైటు వెయ్యనా, తలుపు తియ్యనా, ఇంటికి పోనా. నాన్న ఉన్నప్పుడు నాన్ననే కేకలేసిన మనిషి. ఆయన ఇనప సుత్తి విసిరితే నాన్న తప్పుకున్న రోజులు నువ్వూ చూశావు. అలాంటి మనిషి నన్ను, "పెద్దోడా, ఈ కుర్చీలో కూర్చోనా?" అని అడుగుతాడు. కూర్చో అంటాను.

మంగళవారం సాయంత్రం పని ముగిశాక మీ వదిన ఆయన్ని ఆటకి పిలిచింది. ఆవిడ ఉద్దేశం మంచిదే. నేనూ వద్దనలేదు. మౌసు ఎడమ పక్కకి మార్చి నేను చేతులు తీసుకున్నాను. వ్యాయామానికి పనికొస్తుందని. కాళ్ళు ఆయనకి ఇచ్చి, మనం ఆపిన వంతెన దగ్గర నుంచి మొదలెట్టాం.

"నాకెందుకమ్మాయ్ ఇవన్నీ" అన్నాడు.

"నాలుగు మీటలే మామయ్యా. ఇది ముందుకి, ఇది వెనక్కి, ఇవి పక్కలకి. పడ్డా దెబ్బ తగలదు, మళ్ళీ మొదలెట్టచ్చు."

ఆయన చొక్కాకి వేళ్ళు తుడుచుకుని మీట మీద పెట్టాడు. పెట్టి నా వైపు చూశాడు.

"వెయ్యనా?"

"వెయ్యి చిన్నాన్నా."

ఒక అడుగు వేశాడు. వేలు తీసేశాడు.

"ఇంకోటి వెయ్యనా?"

"నొక్కి పట్టుకో, అదే నడుస్తుంది."

"పట్టుకోనా?"

మీ వదిన నవ్వింది. నేనూ నవ్వాను. వంతెన మధ్యకి వచ్చేసరికి ఎదురుగా ఇనప తాత బయల్దేరాడు, గొలుసు ఈడ్చుకుంటూ. నా ఎడం చేతికి గురి కుదరడం లేదు. ఒక్క బాణం తగిలింది, రెండు నిప్పులో పడ్డాయి. వాడు దగ్గరికొచ్చేస్తున్నాడు.

"వెనక్కి వెయ్యి."

"వెయ్యనా?"

"వెయ్యమంటున్నాగా!"

"ఒరేయ్, నీ చెయ్యి ఎక్కడుందో చూసుకున్నావా? వెయ్యనా?"

అప్పటికి మీ వదిన నవ్వు ఆగిపోయింది. ఇనప తాత వచ్చి ఒక్క దెబ్బ వేశాడు. తెర ఎర్రబడింది. కోటలో చచ్చినప్పుడు మోగే గంట మోగింది. చిన్నాన్న మీట మీద నుంచి వేలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చూశావా" అన్నాడు. "అడక్కుండా తొక్కితే నీ వేళ్ళు పోయాయి. అడిగి తొక్కితే మనిషే పోయాడు."

"ఆటే కదా చిన్నాన్నా" అన్నాను.

ఆయన ఆ మాట పట్టించుకోలేదు. "చిన్నోడికి తెలుసా?"

"తెలియదు."

"నేను వద్దన్నాననా?"

"ఆఁ."

"ఆసుపత్రిలో ఒళ్ళు తెలియకుండా నేనొక మాట అంటే దాన్నే పట్టుకు కూర్చుంటావా? వాడు రావాలా వద్దా అని అడుగుతున్నాడని కోడలు చెప్పింది. నువ్వేం రాస్తున్నావు మరి?"

"వాన పడిందని రాస్తున్నాను."

"బాగుంది. వాడు గొడుగు కొనుక్కుంటాడు" అన్నాడు.

లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. పోనా అని అడగలేదు. కంప్యూటరు కట్టేసి టార్పాలిన్ కప్పాను. ఆ వంతెన మనకి రాసిపెట్టి లేదు.

ఇక నువ్వు అడిగిన మాట. నువ్వు వస్తే పెద్ద మోటార్లు మళ్ళీ చుట్టొచ్చు. ఇప్పుడు పక్కకు నెట్టినవన్నీ నీ చేతికి వస్తాయి. రాకపోతే వాటిని పక్క ఊరి షాపుకి పంపించి, పంపులు, ఫ్యాన్లు, స్టార్టర్లు నేను చూసుకుంటాను. స్క్రూడ్రైవరు ఎడం చేతికి అలవాటవుతోంది. లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి చెవి చాలు, వేళ్ళు అక్కర్లేదు. షాపు కాస్త చిన్నదవుతుంది, మూతపడదు. ఇల్లు గడవదన్న భయం నీకు వద్దు.

నాకేం కావాలని అడిగితే, నువ్వు వస్తే బాగుండునని ఉంది. ఇది దాచి వద్దని రాస్తే అది కూడా వెనక్కి లాగడమే అవుతుందని మీ వదిన అంటోంది. అందుకని రాస్తున్నాను. కానీ నా వేళ్ళు పోయాయని వచ్చేటట్టయితే రావద్దు. ఎవరినో నిలదియ్యాలని వచ్చేటట్టయితే అసలే వద్దు. యార్డులో పని నీకు నచ్చిందని రెండు ఉత్తరాల కిందట నువ్వే రాశావు. ఓడ లోపల దిగి వైర్లు లాగుతుంటే ఊళ్ళో ఎవరూ చూడని చోటు చూస్తున్నట్టుంటుందని రాశావు. అది మర్చిపోయి నిర్ణయించుకోకు. సంతకం పెట్టినా నేనేమీ అనుకోను. అనుకుంటే నాలుగు రోజులు అనుకుంటాను, తరవాత పనిలో పడతాను.

ఈ ఉత్తరం నీకు సోమవారానికి అందితే ఎక్కువ. చిన్నాన్న అంతకంటే ముందే వస్తాడు. నిన్న పాల కేంద్రానికి వెళ్ళి, మీ వదిన చేత నీ చిరునామా పెద్ద అక్షరాలతో రాయించుకున్నాడట. "ఉత్తరంలో ఎవరి చేతో చెప్పించేది కాదమ్మాయ్, వాడికి నేనే చెప్పుకోవాలి" అన్నాడట. అంత దూరం ఎప్పుడూ ఒంటరిగా పోలేదు, రెండు చోట్ల బండి మారాలి. మీ వదిన ఎక్కడ మారాలో చెప్పి, దారిలోకి అన్నం కట్టి పంపింది. వస్తే ముందు కూర్చోబెట్టి భోజనం పెట్టు. తరవాత ఆయన చెప్పేది చివరిదాకా విను, మధ్యలో మాట్లాడకు. ఆయన చెప్పేదాంట్లో తప్పంతా తనదే అవుతుంది. నేను రాసింది నీ దగ్గరుంటుంది కాబట్టి, రెండూ కలిపి చూసుకో. ఉత్తరం ఆలస్యమై ఆయనే ముందు చెప్తే, ఇది వచ్చేదాకా ఆయన్ని పంపకు.

చిన్నాన్న ఈ రోజు, గురువారం, పొద్దున మొదటి బస్సుకి వెళ్ళాడు.

ఇట్లు,
నీ అన్నయ్య